లాటిన్ 'నుదురు' ఏ భాషలో ఏమైందో మీరే పట్టుకోవడం ఎలా

స్పానిష్‌లో నుదురుని ఫ్రెంతె అంటారు, ఇటాలియన్‌లో ఫ్రొంతె, రొమేనియన్‌లో ఫ్రుంతె, ఫ్రెంచ్‌లో అయితే రాసేది అయిదు అక్షరాలు కానీ నోట్లోంచి వచ్చేది ముక్కుతో పలికే ఫ్రోఁ మాత్రమే. ఇవన్నీ ఒకే లాటిన్ మాట పిల్లలని చూడగానే తెలిసిపోతుంది, అందులో మన తెలివేం లేదు. అసలు పని తర్వాత మొదలవుతుంది. స్పానిష్ వాళ్ళకి ఆ 'ఎ' ఎక్కణ్ణుంచి వచ్చింది, రొమేనియన్‌లో 'ఉ' ఎందుకుంది, పోర్చుగీసులో ఫ్రొంతె, ఫ్రెంతె రెండూ ఉండి కూడా మామూలు మనిషి నుదురుని ఆ రెండిట్లో దేంతోనూ ఎందుకు పిలవడు?

ఇవన్నీ ఎవరో చెప్తే వినడం కాకుండా మనమే తవ్వి తేల్చుకోవచ్చు, దానికి లాటిన్ వచ్చి ఉండక్కర్లేదు, ఈ భాషల్లో ఒకటి కొంచెం తెలిసి ఉంటే బాగుంటుంది, తెలియకపోయినా ఓపిక ఉంటే చాలు. కావాల్సింది ఒక నోట్‌బుక్కో స్ప్రెడ్‌షీటో, నెట్‌లో ఫ్రీగా దొరికే నాలుగైదు డిక్షనరీలు. ఒక్క షరతు మాత్రం ముందే చెప్తున్నా: రెండు మాటలు ఒకేలా వినిపించాయి కాబట్టి చుట్టాలు అనే అలవాటు ఇక్కడ పక్కన పెట్టాలి.

ముందు సరైన రూపం పట్టుకోండి

లాటిన్ డిక్షనరీలో నుదురు కోసం వెతికితే ఫ్రోన్స్ అని కనిపిస్తుంది. చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు, ఎందుకంటే ఫ్రోన్స్‌లో 'త' లేనే లేదు, మరి పిల్లలందరికీ 'త' ఎలా వచ్చింది అని. మన భాషలో కూడా ఇదే జరుగుతుంది చూడండి, నుదురు అంటాం కానీ దానికి ఏదైనా తగిలిస్తే నుదుటి మీద, నుదుటికి అంటాం, ఇల్లు ఇంటికి అయినట్టు. ఒంటరిగా ఉన్నప్పుడు ఒక రూపం, విభక్తి తగిలితే ఇంకో రూపం. లాటిన్‌లో కూడా ప్రథమా విభక్తిలో ఫ్రోన్స్, ద్వితీయలో ఫ్రొంతెం, షష్ఠిలో ఫ్రొంతిస్. రొమాన్స్ భాషల్లోకి, అంటే లాటిన్ నుంచి పుట్టిన ఈ భాషల్లోకి, దిగిన నామవాచకాల్లో ఎక్కువ భాగం ఆ ద్వితీయా విభక్తి రూపం నుంచి వచ్చినవే. అందుకని డిక్షనరీలో మొదట కనిపించే రూపాన్ని వదిలేసి పక్కన ఇచ్చే రెండో రూపం చూడండి, అక్కడ బయటపడే 'త'నే మనకి కావాల్సింది.

ఇది పట్టించుకోకపోతే ఇంకో చిక్కు కూడా ఉంది. లాటిన్‌లో ఫ్రోన్స్ అనే మాటలు రెండు. ఒకటి నుదురు, రెండోది ఆకులు, కొమ్మల గుబురు. ప్రథమలో రెండూ అచ్చం ఒకేలా ఉంటాయి, రెండో రూపం దగ్గరే విడిపోతాయి, నుదురుది ఫ్రొంతిస్, ఆకులది ఫ్రొందిస్. రొమేనియన్‌లో ఆకుని ఫ్రున్‌జ అంటారు, నుదురు ఫ్రుంతె, పక్కపక్కన పెడితే ఎవరికైనా ఒకే ఇంటివి అనిపిస్తాయి, కానీ మొదటిది ఆకుల ఫ్రోన్స్ వైపు నుంచి వచ్చింది, రెండోది నుదుటి ఫ్రోన్స్ వైపు నుంచి. 'ద' వైపా 'త' వైపా అని చూసుకుంటే ఈ గందరగోళం ఉండదు.

ఇక ఫ్రొంతెం చివర ఉన్న 'మ్' సంగతి. అది రాతలో ఉండేదే కానీ మాటలో చాలా ముందే సన్నగిల్లింది, క్రీ.పూ. 3వ శతాబ్దం నాటి స్కిపియో అనే రోమన్ కుటుంబం సమాధి శాసనాల్లోనే కొన్ని చోట్ల ఆ 'మ్' చెక్కకుండా వదిలేశారు. కాబట్టి మీ నోట్‌బుక్‌లో మొదటి గడిలో ఫ్రొంతె అని రాసుకోండి, మన ప్రయాణం అక్కణ్ణుంచే.

తోడు మాటలు లేకుండా ఒక్క మాటని చూడొద్దు

నన్నడిగితే మొత్తం పద్ధతిలో అన్నిటికన్నా ముఖ్యమైన భాగం ఇదే. ఒక్క ఫ్రొంతెంని పెట్టుకుని ఎంతసేపు చూసినా ఏది మామూలు మార్పో ఏది వింతో తెలియదు. అదే లాటిన్‌లో దానిలాగే ఉండే మాటలు ఇంకో రెండు మూడు పక్కన పెడితే వెంటనే తెలుస్తుంది. ఫ్రొంతెంకి తోడు దొరకడం తేలిక: పొంతెం అంటే వంతెన, మొంతెం అంటే కొండ, ఫొంతెం అంటే ఊట. నాలుగింట్లోనూ అదే 'ఒ', దాని వెనక అదే 'న్', 'త'. వీటికి తోడు ఫొర్తెం, అంటే బలమైన, బొనుం, అంటే మంచి, ఈ రెండు కూడా ఒక పక్కన రాసిపెట్టుకోండి, 'న్త' లేని చోట 'ఒ' ఏమవుతుందో చూడ్డానికి పనికొస్తాయి.

ఇప్పుడు ఒక్కో భాషకి ఒక్కో వరుస నింపుకుంటూ పోండి.

ఇటాలియన్ వరుస చూస్తే నిద్రొస్తుంది: ఫ్రొంతె, పొంతె, మొంతె, ఫొంతె. ఏమీ మారలేదు. కానీ బొనుం దగ్గర మాత్రం బ్వొనొ అయింది, 'ఒ' కాస్తా రెండుగా చీలింది. ఫొర్తెం మళ్ళీ ఫొర్తె, చీలలేదు. తేడా ఎక్కడుందంటే, బొ-నుంలో 'బొ' తర్వాత సిలబుల్ అక్కడితో ఆగుతుంది, హల్లు అడ్డం లేదు. ఫ్రొన్-తెలో, ఫొర్-తెలో సిలబుల్ హల్లుతో మూసుకుపోయింది. ఇటాలియన్‌లో తెరిచి ఉన్న చోటే అచ్చు చీలుతుంది, మూసుకున్న చోట చీలదు. ఇది గుర్తుపెట్టుకోండి, స్పానిష్ దగ్గర అవసరం పడుతుంది.

ఫ్రెంచ్ వరుస: ఫ్రోఁ, పోఁ, మోఁ. చివరి అచ్చు పోయింది, 'త' రాతలో మిగిలి నోట్లో పోయింది, 'న్' వెళ్తూ వెళ్తూ ముందున్న అచ్చుని ముక్కుతో పలికేలా చేసి పోయింది. 'త' నిజంగా ఉండేదా అని అనుమానం వస్తే ఆ మాట నుంచి పుట్టిన పెద్ద మాటలు చూడండి, సరిహద్దుని ఫ్రోఁత్యేర్ అంటారు, అక్కడ 'త' హాయిగా వినిపిస్తుంది. ఏ భాషలోనైనా ఒక హల్లు మింగేశారనిపిస్తే దాని పిల్లమాటల్లో వెతకడం మంచి అలవాటు.

రొమేనియన్ వరుస నాకు చాలా ఇష్టం, అంత శుభ్రంగా ఉంటుంది: ఫ్రుంతె, పుంతె, ముంతె, బున్. 'న్' ముందు 'ఒ' ఉంటే 'ఉ' అవుతుంది, అంతే. ఆకుని చెప్పే ఫ్రున్‌జలో కూడా అదే 'ఉ'. అంటే నుదుటి మాటలో 'ఉ' ప్రత్యేకమేం కాదు, ఆ భాష అలవాటే అది. బహువచనం ఫ్రున్‌త్సి, 'ఇ' ముందు 'త' కాస్తా 'త్స' అయింది, ఇది కూడా అక్కడ మామూలే. అన్నట్టు పుంతె, ముంతె అని చదవగానే మనకి పుంత, ముంత గుర్తొస్తాయి, పైగా పుంత అంటే దారి, పుంతె అంటే చిన్న వంతెన, అర్థం కూడా దగ్గరగా ఉందే అనిపిస్తుంది. ఏ సంబంధం లేదు. పైన షరతు పెట్టింది సరిగ్గా ఇలాంటి వాటి గురించే, ఇలా రెండు మాటలు కలిసిపోవడం చూసి ఇంటర్నెట్‌లో జనం ఏకంగా భాషలకి భాషలనే చుట్టరికం కలిపేస్తారు.

స్పానిష్ దగ్గర ఆగి చూడాలి

స్పానిష్ వరుస రాయండి: వంతెన ప్వెంతె, ఊట ఫ్వెంతె, బలమైన ఫ్వెర్తె, మంచి బ్వెనొ. ఇక్కడ సిలబుల్ మూసుకుందా తెరుచుకుందా అని లేదు, నొక్కి పలికే చోట లాటిన్ పొట్టి 'ఒ' ఉంటే అది 'వె'గా చీలిపోవడమే. ఆ లెక్కన నుదురు ఏమవ్వాలి? ఫ్ర్వెంతె, అంటే పలకడానికి ఫ్రుయెంతె లాంటిది అవ్వాలి. కానీ ఇవాళ వాళ్ళనేది ఫ్రెంతె.

ఇలాంటి చోటే జనం రెండు తప్పుల్లో ఒకటి చేస్తారు. ఒకటి, ఆ ఏముందిలే 'ఒ' కాస్తా 'ఎ' అయిపోయింది అని సరిపెట్టుకోవడం. రెండు, రూల్ తప్పని మొత్తం వదిలేయడం. రెండూ కాదు, మధ్యలో ఒక మెట్టు కనిపించకుండా పోయిందేమో అని పాత రూపం వెతకాలి. వెతికితే దొరుకుతుంది కూడా, పాత స్పానిష్‌లో నిజంగానే ఫ్రుయెంతె అనేవాళ్ళు, స్పానిష్ అకాడమీ డిక్షనరీలో ఫ్రెంతె కింద ఆ పాత రూపాన్ని చెప్పే తర్వాత లాటిన్‌కి వెళ్తారు. అంటే ఫ్రొంతె ముందు ఫ్రుయెంతె అయింది, తర్వాత ఆ 'ఉ' రాలిపోయి ఫ్రెంతె మిగిలింది.

సరే, 'ఉ' ఎందుకు రాలింది? మీరే ఫ్రుయెంతె అని నాలుగుసార్లు గబగబా అనండి. 'ఫ', దాని వెనకే 'ర', దాని వెనకే 'వ' లాంటి ధ్వని, మూడూ గుమిగూడాయి, నోరు ఏదో ఒకటి వదిలేయాలని చూస్తుంది. ఇది నుదురొక్కదాని కథే అయితే నమ్మక్కర్లేదు, కానీ పాముని చెప్పే కులెబ్ర కూడా ఒకప్పుడు కులుయెబ్ర, అంచులకి వేలాడే కుచ్చుని చెప్పే ఫ్లెకొ ఒకప్పుడు ఫ్లుయెకొ. హల్లు వెనక 'ర'నో 'ల'నో వచ్చి, దాని పక్కన 'వె' ఉంటే, లేదా 'ల' పక్కనే 'వె' ఉంటే ఆ 'వ' జారిపోయే బలహీనత ఉంది అన్నమాట. బలహీనతే, చట్టం కాదు, ఎందుకంటే ప్రుయెబ, గ్రుయెసొ లాంటి మాటల్లో అది ఇవాళ్టికీ భద్రంగా ఉంది. అందుకని నోట్‌బుక్‌లో 'ఇలా అవుతుంది' అని కాకుండా 'ఇలా కూడా అవుతుంటుంది' అని రాసుకోండి, ఇదేం చిన్న తేడా కాదు.

ఇంకో చిక్కు మొంతెం. అది స్పానిష్‌లో మ్వెంతె అవ్వాలి కదా, అవ్వలేదు, మొంతె గానే ఉండిపోయింది. దీన్ని దాచిపెట్టకండి, మన లెక్కకి అడ్డం వచ్చింది కదా అని గడి ఖాళీగా వదిలేస్తే మొత్తం టేబుల్ పనికిరాదు. 'న్', 'మ్' లాంటి ముక్కు ధ్వనుల ముందు స్పానిష్‌లో ఈ 'ఒ' ఊగిసలాడింది, పాత రాతల్లో ఊటకి ఫొంతె, ఫ్వెంతె రెండూ, ఒక హోదాని చెప్పే కొందెకి క్వెందె కూడా కనిపిస్తాయి. కొన్ని మాటల్లో చీలిన రూపం గెలిచింది, కొన్నిట్లో చీలనిది గెలిచింది. నుదురు, వంతెన, ఊట ఒక వైపు, కొండ ఇంకో వైపు.

ఒక మంచి చెక్ చెప్తాను, ఇది చేస్తే ఎక్కడికక్కడ నమ్మకం కుదురుతుంది. చీలడం నొక్కి పలికే చోటే అన్నాం కదా, మరి నొక్కు పక్కకి జరిగితే? ఫ్వెర్తె నుంచి వచ్చిన కోట మాట ఫొర్తలేస, అందులో నొక్కు 'లే' మీదకి పోయింది, 'ఒ' అలాగే ఉంది. నుదుటి విషయంలో కూడా అంతే, సరిహద్దుని ఫ్రొంతెర అంటారు, ఫ్రెంతెర అనరు, ఎందుకంటే నొక్కు 'తె' మీద పడింది. అదే అవమానాన్ని అఫ్రెంత అంటారు, నొక్కు 'ఫ్రెన్' మీద ఉంది, పాతది అఫ్రుయెంత. ఎదుర్కోవడానికి అఫ్రొంతార్ అనే మాట ఉంది, ఎన్‌ఫ్రెంతార్ అనే మాటా ఉంది, మొదటిది 'ఒ'తో, రెండోది తయారైపోయిన ఫ్రెంతె మీద తర్వాత కట్టుకున్నది. ఒకే కుటుంబంలో ఎవరికి 'ఒ' ఉంది ఎవరికి 'ఎ' ఉంది అని చూసి ఎవరు ఎప్పుడు పుట్టారో చాలావరకు చెప్పేయొచ్చు.

పోర్చుగీసులో దొంగ 'ఎ'

పోర్చుగీసు వరుస: పొంతె, మొంతె, ఫొంతె, బోఁ, ఫొర్తె. ఎక్కడా అచ్చు చీలలేదు, పోర్చుగీసు ఈ చీలికే చేయదు. ఆ లెక్కన నుదురు ఫ్రొంతె అవ్వాలి, అలాంటి మాట ఉంది కూడా, కాస్త పుస్తకాల భాష. కానీ దాంతోపాటు 'ముందు భాగం' అనే అర్థంలో ఫ్రెంతె అనే మాట రోజూ వాడతారు. ఇప్పుడు ఆలోచించండి, ఆ 'ఎ' రావాలంటే ముందు 'వె'గా చీలాలి, తర్వాత 'వ' రాలాలి, పోర్చుగీసులో మొదటి మెట్టే లేదు. అంటే ఈ ఫ్రెంతె ఇంట్లో పుట్టింది కాదు, పక్కింటి స్పానిష్ నుంచి వచ్చింది. డిక్షనరీలు చెప్పేదీ అదే, కానీ డిక్షనరీ తెరవకముందే ఒక్క అచ్చుని బట్టి మీరే చెప్పగలిగారు చూడండి, ఈ పద్ధతి మీద నాకు మోజు ఉన్నది ఇందుకే.

మరి పోర్చుగీసు వాళ్ళు మామూలుగా నుదురుని ఏమంటారు? తెస్త. ఇది వేరే లాటిన్ మాట, తెస్త అంటే కాల్చిన మట్టికుండ, కుండ పెంకు. జనం తలని ఎగతాళిగా కుండ అనడం మొదలెట్టి అది కాస్తా అసలు మాటైపోయింది. ఇటాలియన్‌లో తెస్త అంటే తల, ఫ్రెంచ్‌లో అదే మాట తెత్ అయి తల, రొమేనియన్‌లో త్సెయస్త అయి పుర్రె, పోర్చుగీసుకి వచ్చేసరికి నుదురు. స్పానిష్‌లో దాని తోబుట్టువు తియెస్తొ ఇప్పటికీ పూలకుండీయే. అందుకే ఇటాలియన్ వచ్చినవాళ్ళు పోర్చుగీసు నేర్చుకునేటప్పుడు ఈ మాట దగ్గర జాగ్రత్తగా ఉండాలి, తెస్త నొప్పి అంటే తలనొప్పి అనుకుంటే కుదరదు.

దీన్ని బట్టి ఇంకో పని మీ లిస్టులో చేర్చుకోండి: 'ఫ్రొంతెం పిల్లలు ఏవి' అని అడిగాక, విడిగా 'ఈ భాషలో నుదురుని ఇవాళ ఏమంటారు' అని కూడా అడగండి. రెండింటికీ ఒకే జవాబు వస్తుందనే గ్యారంటీ లేదు.

మిగతా చోట్ల త్వరగా వెళ్ళిపోవచ్చు. కాటలాన్‌లో, ఆక్సిటన్‌లో చివరి అచ్చు పోయి ఫ్రెంచ్ రాసినట్టే రాస్తారు, ఆక్సిటన్‌లో పలికేటప్పుడు 'ఒ' 'ఉ'లా వినిపిస్తుంది. గలీషియన్‌లో ఫ్రొంతె. సిసిలియన్‌లో ఫ్రుంతి, ఇక్కడి 'ఉ' చూసి రొమేనియన్‌తో జత కలపకండి, సిసిలియన్ అచ్చుల లెక్క వేరు, రెండూ ఎవరి దారిన వాళ్ళు వచ్చి అక్కడ కలిశారు.

ఆడా మగా అనేది కూడా రాసుకోండి

ఇది చాలామంది వదిలేసే కాలమ్. ఇటాలియన్, స్పానిష్, పోర్చుగీసు, రొమేనియన్‌లో నుదురు స్త్రీలింగం. ఫ్రెంచ్, కాటలాన్‌లో పుంలింగం. లాటిన్‌లో మామూలుగా స్త్రీలింగమే కానీ పాత రచయితలు కొందరు పుంలింగంగా కూడా వాడారు, అది రోమన్లకే వింతగా అనిపించి 2వ శతాబ్దంలో ఆలస్ గెల్లియస్ అనే ఆయన పాత కవి కెకిలియస్ ఇలా వాడడం తప్పేం కాదని తన పుస్తకంలో ఒక అధ్యాయమే రాసుకున్నాడు.

లింగం ఎందుకు చూడాలంటే ఇటాలియన్, స్పానిష్‌లో దాన్ని బట్టే అర్థం మారిపోతుంది. స్పానిష్‌లో ల ఫ్రెంతె అంటే నుదురు, ఎల్ ఫ్రెంతె అంటే యుద్ధం జరిగే ఫ్రంట్, వాతావరణంవాళ్ళు చెప్పే ఫ్రంట్. ఇటాలియన్‌లో ల ఫ్రొంతె, ఇల్ ఫ్రొంతె కూడా ఇదే లెక్క. అదే ఫ్రెంచ్‌లో రెండిటికీ ఒకే మాట ఒకే లింగం, సందర్భాన్ని బట్టి తెలుసుకోవాల్సిందే.

తద్భవమా తత్సమమా

బళ్ళో ప్రకృతి, వికృతి చదువుకున్నాం కదా, అగ్ని అగ్గి, ఆశ్చర్యం అచ్చెరువు అని. అదే కళ్ళతో రొమాన్స్ మాటల్ని చూస్తే సగం పని అయిపోయినట్టే. నోటినుంచి నోటికి దిగుతూ అరిగిపోయినవి కొన్ని, చదువుకున్నవాళ్ళు తర్వాత పుస్తకాల్లోంచో పక్క భాషలోంచో తెచ్చిపెట్టినవి కొన్ని. రొమేనియన్‌లో ఇది పట్టపగలులా కనిపిస్తుంది. నుదురు ఫ్రుంతె, 'ఉ' ఉంది, వారసత్వంగా వచ్చింది. యుద్ధరంగం ఫ్రొన్త్, సరిహద్దు ఫ్రొంతియెర, 'ఒ' ఉంది, 'న్' ముందు 'ఒ' ఉండకూడని భాషలో 'ఒ' ఉందంటే అది బయటి సరుకే, ఫ్రెంచ్ నుంచి తెచ్చుకున్నవి. డాక్టర్లు వాడే ఫ్రాంటల్ లాంటి మాటలు అన్ని భాషల్లోనూ దాదాపు ఒకేలా ఉండడానికి కారణం కూడా ఇదే, అవి అరగలేదు, నేరుగా లాటిన్ పుస్తకం నుంచి వచ్చాయి. అన్ని భాషల్లో మరీ ఒకేలా ఉన్న మాట కనిపిస్తే సంతోషించకుండా అనుమానించండి.

రొమేనియన్ ఫ్రుంతె గురించి ఇంకొక్క మాట. అక్కడ నుదురంటే ముందు వరసలో ఉన్నది, మేలైనది అని కూడా అర్థం. ఊరికి ఫ్రుంతె అంటే ఊళ్ళో పెద్ద మనుషులు. ముందుండేవాణ్ణి ఫ్రుంతాష్ అంటారు, 1864 నాటి భూసంస్కరణలో రైతుల్ని పశువుల్ని బట్టి విడగొట్టినప్పుడు నాలుగు ఎద్దులున్నవాళ్ళని ఫ్రుంతాష్‌లు అన్నారు, రెండున్నవాళ్ళు మధ్యవాళ్ళు. ఫ్రెంచ్‌లో, స్పానిష్‌లో ఈ మాట 'ముందు వైపు', 'ఎదురుగా' దిక్కుకి పోతే, రొమేనియన్‌లో 'అందరికన్నా ముందు' దిక్కుకి పోయింది.

అర్థం ఎటు జరిగిందో చూడ్డం

ధ్వని మార్పు లెక్కలా నడుస్తుంది, అర్థం మాత్రం మనుషుల బుర్రలో ఏముందో దాన్ని బట్టి నడుస్తుంది, కాబట్టి ఇక్కడ నుడికారాలే ఆధారం. రోమన్లకి నుదురు సిగ్గు కనిపించే చోటు. అందుకే చివరి కాలపు లాటిన్‌లో సిగ్గులేనివాణ్ణి 'నుదురు లేనివాడు' అన్నట్టుగా ఎఫ్రోన్స్ అన్నారు, దాన్నుంచే ఫ్రెంచ్ ఎఫ్రోంతే, ఇంగ్లీషు ఎఫ్రాంటరీ. ఫ్రెంచ్‌లో 'ఫలానా పని చేసే నుదురు ఉంది' అంటే 'ఎంత ధైర్యం వీడికి' అని తిట్టడం. అవమానాన్ని చెప్పే అఫ్రంట్ కూడా ఈ కుటుంబమే, దాని వెనకున్న పాత ఫ్రెంచ్ క్రియకి నుదుటి మీద కొట్టడం అనే అర్థం ఉండేది. స్పానిష్‌లో తెలివి తక్కువవాణ్ణి 'రెండు వేళ్ళ నుదురు కూడా లేదు' అంటారు, అక్కడ సిగ్గు పోయి తెలివి వచ్చింది.

నాకు బాగా నచ్చింది చెమట సంగతి. 'నుదుటి చెమటతో సంపాదించడం' అనే నుడికారం ఫ్రెంచ్, స్పానిష్, ఇటాలియన్, రొమేనియన్ నాలుగింట్లోనూ ఉంది, బైబిల్ ఆదికాండం నుంచి వచ్చిందని అందరికీ తెలుసు. తీరా లాటిన్ బైబిల్ తెరిస్తే అక్కడున్నది నుదురు కాదు, ముఖం, వుల్తుస్ అనే మాట. జనం నోళ్ళలో ముఖం చెమట కాస్తా నుదుటి చెమట అయింది, పోర్చుగీసులో మాత్రం ముఖం చెమట అనే రూపం బాగా వాడుకలో ఉంది. అందుకని 'ఇది లాటిన్ నుంచి యథాతథంగా వచ్చింది' అని ఎవరైనా అంటే లాటిన్‌లో ఆ వాక్యం ఒకసారి చూసి నమ్మండి.

పుస్తకం మొదటి పేజీ ఎదురుగా ఉండే బొమ్మని ఇంగ్లీషులో ఫ్రాంటిస్‌పీస్ అంటారు కదా, అందులో 'పీస్' అంటే ముక్క కాదు. అది లాటిన్ ఫ్రొంతిస్పికియుం, నుదురు ప్లస్ చూడడం, ముందుగా భవనం ముఖభాగం. ఇంగ్లీషువాళ్ళు తమకి తెలిసిన 'పీస్'ని అందులో ఇరికించేశారు. మాటని ముక్కలు చేసి అర్థం చెప్పే ముందు పాత స్పెల్లింగ్ చూడాలి అనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఎక్కడ వెతకాలి

మొదలుపెట్టడానికి విక్షనరీ చాలు, లాటిన్ మాట పేజీలో అడుగున ఏ భాషలో ఏమైందో చెట్టులా ఇస్తారు. కానీ అక్కడితో ఆగకండి, ఎవరైనా మార్చగల పేజీ అది. ఏ భాష మాట అయితే ఆ భాషవాళ్ళ డిక్షనరీకి వెళ్ళండి: స్పానిష్‌కి అకాడమీ డిక్షనరీ, ఇటాలియన్‌కి ట్రెక్కాని, రొమేనియన్‌కి డెక్స్ ఆన్‌లైన్, ఫ్రెంచ్‌కి సీఎన్ఆర్టీఎల్ సైట్. వీటిలో ఫ్రెంచ్ సైట్ చాలా వివరంగా ఉంటుంది, మాట మొదటిసారి ఎక్కడ ఎప్పుడు కనిపించిందో కూడా ఇస్తారు. భాష రాకపోయినా ఫర్వాలేదు, మనకి కావాల్సింది మూలం చెప్పే ఆ రెండు లైన్లే, ట్రాన్స్‌లేటర్‌తో నెట్టుకురావొచ్చు.

ఇంకా లోతుకి వెళ్తాను అంటే మయర్-ల్యూబ్కె తయారు చేసిన రొమాన్స్ భాషల వ్యుత్పత్తి డిక్షనరీ ఉంది, మూడో కూర్పు 1935లో వచ్చింది, జర్మన్‌లో ఉంటుంది, లాటిన్ మాటలు నంబర్లతో వరసగా ఉంటాయి. ఊళ్ళ మాండలికాలు కావాలంటే అట్లాసులు చూడాలి. ఫ్రాన్స్ భాషా అట్లాసు కోసం ఎడ్మాన్ ఎడ్మాన్ (పేరూ ఇంటిపేరూ పలకడానికి ఒకటే) అనే ఆయన 639 చోట్లకి తిరిగి జనం నోటి మాట రాసుకున్నాడు, భాషా పండితుడు జిల్యెరోఁతో కలిసి 1902 నుంచి 1910 మధ్య అచ్చు వేశారు. ఆ మ్యాపుల మీద వేలు పెట్టి ఒక మాట సరిహద్దు ఎక్కడ ఆగిందో చూడడం మొదలెడితే సాయంత్రం ఎలా గడిచిందో తెలియదు.

డిక్షనరీల్లో మాట ముందు నక్షత్రం గుర్తు కనిపిస్తే ఆ రూపం ఎక్కడా రాసి దొరకలేదు, పండితులు లెక్కగట్టి ఊహించింది అని అర్థం. నక్షత్రం లేని ఫ్రొంతెంకీ నక్షత్రం ఉన్న రూపానికీ ఒకే బరువు ఇవ్వకండి.

ఇదయ్యాక రాత్రిని చెప్పే నొక్తెం పట్టుకోండి, దీంతో పోలిస్తే అది ఇంకా రంజుగా ఉంటుంది. ఇటాలియన్ నొత్తె, స్పానిష్ నోచె, ఫ్రెంచ్ న్యువీ, రొమేనియన్ న్వాప్తె. ఈసారి చూడాల్సింది అచ్చుని కాదు, 'క్త'ని. తోడుకి ఎనిమిదిని చెప్పే ఒక్తో, పాలని చెప్పే లక్తెం పక్కన రాసుకోండి. రొమేనియన్‌లో హఠాత్తుగా 'ప్' కనిపించి కంగారు పడతారు, పడకండి, ముందు అదే భాషలో ఎనిమిదినీ పాలనీ ఏమంటారో చూడండి.